పాడే మనిషి ఊపిరి చూసి వాయించాను

డ్రమ్ములు నేర్చుకుంటామని మా ఇంటికొచ్చే కుర్రాళ్లలో చాలామంది మొదట అడిగేది ఒకటే. "ఎంత స్పీడుగా వాయించగలరు మాస్టారూ?" నాకు ఒళ్లు మండుతుంది. కూర్చోమంటాను, మంచినీళ్లిస్తాను. స్పీడే కావాలంటే కుట్టుమిషను కొనుక్కోండి, అది నాకంటే తొందరగా కొడుతుంది అని చెబుతాను. కొందరు నవ్వుతారు. కొందరు మర్నాటి నుంచి రారు. రానివాళ్ల గురించి నాకు బెంగ లేదు. వచ్చేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

నా పేరు ఇమ్మానియేలు. ఊరు అనకాపల్లి. ఊహ తెలిసినప్పటి నుంచి మోకాళ్లు మొరాయించేదాకా డ్రమ్ములు వాయించి బతికాను. మానేసినప్పుడు నాకెవరూ శాలువా కప్పలేదు, సభ పెట్టలేదు. మా పనిలో రిటైర్మెంటంటే ఫోను మోగడం ఆగిపోవడమే. ఎన్ని పెళ్లిళ్లకు వాయించాను, ఎవరు మెచ్చుకున్నారు అన్న సంగతులు ఇక్కడ రాయను. వాటివల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదు. నాకు పని నేర్పిన మనిషి గురించి, ఆ పని ఎందుకో నాకు తెలిసొచ్చిన ఒక సంగతి గురించి రాస్తాను.

ఆల్బర్ట్ మాస్టారు

మా నాన్న బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసేవాడు. ఆదివారం చర్చిలో డోలక్ వాయించేవాడు. నా చేతులు ఆయన దగ్గరే తిరిగాయి. పెళ్లి బ్యాండులో కొన్నాళ్లు సైడ్ డ్రమ్ము మోసి, ఇరవై దాటాక విశాఖపట్నంలో ఒక క్లబ్బు బ్యాండులో చేరాను. ఓడల ఆఫీసర్లు, రైల్వే పెద్దలు శనివారాలు అక్కడ జంటలుగా డాన్సు చేసేవారు. ఆ బ్యాండుకు డ్రమ్మరు ఆల్బర్ట్ మాస్టారు. ఆయనకు అప్పటికే కుడిచెయ్యి వణుకు మొదలైంది. అందుకని కార్యక్రమంలో సగం ఆయన, సగం నేను వాయించేలా మాట్లాడుకున్నారు.

ఆయన పుట్టింది గోవాలో. వయసంతా గడిచింది కలకత్తా హోటళ్లలో. పెద్ద యుద్ధం జరుగుతున్నప్పుడు అక్కడ దిగిన సోల్జర్లు రాత్రిళ్లు స్వింగు పాటలకు గెంతేవారట. స్వింగంటే ఏమిటని మీరు నన్ను అడుగుతారు. కొలిచి పెట్టినట్టు నాలుగు దెబ్బలూ సమానంగా వేస్తే అది కవాతు. స్వింగులో ఒక దెబ్బ కొంచెం సాగుతుంది, దాని వెనకది కొంచెం తోసుకొస్తుంది. నెత్తిమీద బిందెతో నడిచే మనిషి నడుము ఊగినట్టుంటుంది. అంతకుమించి నాకు చెప్పడం రాదు. వినాలి.

మాస్టారి గదిలో పాత గ్రామఫోను ప్లేట్లు కొన్ని ఉండేవి. కలకత్తాలో ఆయన వాయించినవి. ఒకటి పెట్టి, వేలెత్తి, "అదిగో, నేను" అనేవాడు. నాకేమీ వినపడేది కాదు. ట్రంపెట్టు వినపడేది, పాడే అమ్మాయి గొంతు వినపడేది, వెనకాల ఏదో గరగర.

"ఎక్కడ మాస్టారూ?" అన్నాను ఒకసారి.

ఆయన తెలుగు వచ్చీరానిది. "రూముకి ఒకటే మైకు మ్యాన్. అది గర్ల్ ముందు పెట్టాడు. నన్ను తలుపు దగ్గర కూర్చో అన్నాడు. బేస్ డ్రమ్ము కొడితే ప్లేటు గీసే సూది ఎగురుతుంది అని దానికి బ్లాంకెట్ కప్పాడు. ఆ గర్ల్ మైకులో నేను కొంచెం, కొంచెం పడ్డాను. అంతే."

అన్నేళ్ల వాయిద్యానికి ఆయనకు మిగిలింది వేరొకరి మైకులో పడిన ఆ గరగరే. ప్లేట్ల మీద ఆయన పేరు కూడా లేదు. మామూలప్పుడు దాన్ని నవ్వుతూ చెప్పేవాడు. మందు పుచ్చుకుంటే మాత్రం ఆ ప్లేట్లు ఒళ్లో పెట్టుకుని కంపెనీవాళ్లను పేరుపేరునా తిట్టేవాడు. కళాకారులకు పేరక్కర్లేదని మీకెవరైనా చెబితే నమ్మకండి. అక్కరే. మాస్టారికి అక్కరైంది, దొరకలేదు, చివరిదాకా బాధపడ్డాడు.

ఆయన దగ్గర నేర్చుకున్నదాన్ని చెబుతాను. కొత్తలో పాడే అమ్మాయి చరణం చివర ఆగిన చోటల్లా నేను దడదడమని నా గొప్ప చూపించేవాణ్ణి. జనం చప్పట్లు కొట్టేవారు. ఒకరోజు పాట మధ్యలోనే మాస్టారు నా చేతిలోని కర్రలు లాక్కుని తీగల బ్రష్షులు పెట్టాడు. డ్రమ్ము తోలు మీద వాటితో రాస్తే చీపురుతో వాకిలి ఊడ్చిన చప్పుడొస్తుంది తప్ప ఎవరూ చప్పట్లు కొట్టరు.

"ఆమె ఊపిరి తీసుకునే చోటు ఖాళీ కాదు," అన్నాడు తర్వాత. "అది ఆమె ఇల్లు. నువ్వు చెప్పులు వేసుకుని వెళ్లావు. చెవితో వినకు మ్యాన్, లేటవుతుంది. భుజం చూడు. భుజం లేస్తే ఊపిరి. దిగితే పాట. దిగినప్పుడు నువ్వు రా."

నా చదువంతా అదే. మిగతాదంతా చేతుల కసరత్తు.

మిషను సంగతి

క్లబ్బులో డాన్సులు ఆగిపోయాయి. మాస్టారు పోయాడు. నేను అనకాపల్లి వచ్చేసి పెళ్లిళ్లకు, నూకాలమ్మ జాతరకు, క్రిస్మస్‌కు వాయించాను. తర్వాత క్రైస్తవ పాటల క్యాసెట్ల కాలం వచ్చింది. చుట్టుపక్కల ఏ సంఘం క్యాసెట్టు వేసినా డ్రమ్ములు నావే, హార్మోనియం మా సూరిబాబుది. సూరిబాబుది మునగపాక, చెరకు రైతు, నూకాలమ్మకు మొక్కే మనిషి. ఏసుప్రభువు పాటలు మాత్రం పాస్టర్లకంటే ఎక్కువ వచ్చు. "దేవుళ్లు దేవుళ్లు ఏటైనా సూసుకుంతార్లే బావా, శ్రుతి సరిపోతే సాలు," అనేవాడు.

రెండువేల సంవత్సరం దాటేసరికి క్యాసెట్టు పోయి సీడీ వచ్చింది. స్టూడియోల్లో మీట నొక్కితే దానంతటదే తాళం వేసే రిథమ్ ప్యాడ్ వచ్చింది, కంప్యూటరు వచ్చింది. మిషను మీద నాకు కోపముందని అందరూ అనుకుంటారు. లేదు. అది తాగి రాదు, టీ అడగదు, అలగదు. నాకు తెలిసిన డ్రమ్మర్లలో చాలామందికంటే అదే నయం. దానితో ఒక్కటే చిక్కు. అది ఆగదు. మా పల్లె చర్చిల్లో పాట పాడితే ప్రతి లైను చివరి అక్షరం దగ్గరా అందరూ సాగదీసి నిలబడతారు. వెనక వరసలో ముసలివాళ్లు అక్కడికి చేరుకోవాలి. వాళ్లు చేరాకే తర్వాతి లైను ఎత్తుకుంటారు. వాయించేవాడు కర్ర గాల్లో పెట్టి కాచుకోవాలి. ఇది ఏ పుస్తకంలోనూ లేదు, మా ప్రాంతంలో అందరికీ తెలుసు. మిషనుకు తెలియదు.

కొండకర్ల మార్తమ్మ

మార్తమ్మ కొండకర్లలో బడిపిల్లలకు మధ్యాహ్నం అన్నం వండేది. చర్చిలో పాట ఎత్తేది ఆమే. మా క్యాసెట్లలో చాలావాటిలో గుంపులో కలిసి పాడింది, ఒంటరిగా ఒక్క పాటా లేదు. కాస్త బొంగురు గొంతు. తీపి గొంతు కాదు. కానీ ఆమె ఎత్తుకుంటే పక్కవాళ్లు కూర్చోలేరు, లేచి నిలబడి పాడతారు.

ఒకరోజు పొద్దున్నే మా ఇంటికొచ్చింది. బొంగురు మరీ పెరిగిపోయి మాట సగమే పలుకుతోంది. విశాఖపట్నం పెద్దాసుపత్రిలో చూపించుకుంటే గొంతులో పుండు పెరిగిందన్నారట.

"గొంతు తీసీత్తారంట అన్నయ్యా. బతకాలంటే అదొక్కటే దారంట. మెడకాడ బెజ్జం పెడతారంట, దాన్లోంచే ఊపిరి. ఇంక మాట ఉండదంట."

మా ఆవిడ ఆమె చెయ్యి పట్టుకుంది.

"నాకు పరవానేదు," అంది మార్తమ్మ. "మా అత్తకే ఎలగో తెలట్లేదు. నాను కాపరానికి రాకముందే ఆవిడకి కళ్లు పోనాయి గదా. నా మొకం ఎప్పుడూ సూడనేదు. నా గొంతే ఆవిడకి కోడలు. రేపు నాను మూగదాన్నయిపోయి ఇంటికెల్తే ఎవలో అనుకుంటాది. ప్రార్థనకాడ మేం పాడుకునే పాటలన్నీ ఓ సీడీ సేసీండి అన్నయ్యా. అవి ఏసుకుంటే నాను ఉన్నట్టు ఉంటాది."

ఆమె భర్త చిన్న వయసులోనే పోయాడు. పిల్లల్లేరు. అప్పటి నుంచి ఆ ఇంట్లో అత్త రాహేలమ్మ, కోడలు మార్తమ్మ, వాళ్లిద్దరే. ఆ ముసలామెకు కోడలి గొంతు మిగలాలి. మా ముందున్న పని అదొక్కటే.

ఆపరేషనుకు వెళ్లబోయే ముందు, మెయిన్ రోడ్డులో మందుల కొట్టు పైన ఉన్న శేఖర్ స్టూడియోకు వెళ్లాం. శేఖర్ మంచి కుర్రాడు. చెవి ఉన్నవాడు, పనంటే భయం ఉన్నవాడు. అందరికీ పెట్టినట్టే మార్తమ్మకు చెవుల్లో హెడ్‌ఫోన్లు పెట్టి, మిషను టిక్కుటిక్కు వినిపించి, దాని మీద పాడమన్నాడు. ఆమె రెండు లైన్లు పాడి ఆగిపోయింది.

"ఎవలో ఎనకాలించి తరుముతున్నట్టుంది బాబూ," అంది.

అప్పుడు నేను చెప్పాను. హెడ్‌ఫోన్లు తీసెయ్, మిషను ఆపెయ్, నా డ్రమ్ములు ఆమె గదిలోనే ఆమె కనపడేలా పెట్టు అని.

"మీ మైకులో ఆవిడ గొంతు పడిపోద్ది అంకుల్," అన్నాడు శేఖర్. "తర్వాత ఎంత తుడిసినా పోదు."

"పడితే పడనీ," అన్నాను.

బ్రష్షులు తీశాను. సూరిబాబు హార్మోనియం పట్టాడు. మార్తమ్మకు మధ్యమధ్యలో దగ్గు తెరలు వచ్చేవి. గోరువెచ్చని నీళ్లు తాగేది, రెండు మాటలు మాట్లాడేది, మళ్లీ అందుకునేది. ప్రతిసారీ ఆపి మొదలుపెడితే ఆమె అలసిపోతుందని శేఖర్ కంప్యూటరును అలా నడవనిచ్చాడు. నేను ఆమె భుజం మీంచి చూపు తిప్పలేదు. చివరి పాట చివరి చరణం దగ్గర ఆమె భుజం లేవలేదు. బ్రష్షు తోలు మీద తిప్పుతూ ఉండిపోయాను. సూరిబాబు ఒకే స్వరం మీద వేలుంచి కూర్చున్నాడు. అది పాటలో ఖాళీ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నేను వాయించినవాటిలో అంత బరువైన చోటు ఇంకొకటి లేదు. తర్వాత ఆమె భుజం లేచింది, పాట పూర్తిచేసింది. సూరిబాబు పెట్టె మూసి బయటికి వెళ్లి నిలబడ్డాడు.

ఒక సంగతి మాత్రం మాకెవరికీ తట్టలేదు. పాటలన్నీ పాడించాం గానీ, మీ అత్తతో నాలుగు మాటలు మాట్లాడమ్మా, అవి కూడా ఎక్కించుకుందాం అని ఎవరూ అనలేదు. పాటగాళ్లం కదా. రికార్డు చెయ్యాల్సింది పాటేనని మా అందరి బుర్రల్లో ఉండిపోయింది.

శేఖర్ చేసిన మేలు

మార్తమ్మ ఆసుపత్రిలో చాలారోజులుంది. రాహేలమ్మను పక్కింటివాళ్లు చూసుకున్నారు. ఆ రోజుల్లోనే శేఖర్ సీడీ తయారుచేశాడు. తన సొంత తల్లికి చేసినట్టు చేశాడు. దగ్గులు తీసేశాడు. గొంతులో బొంగురు తగ్గించాడు. సాగిన చోట్లన్నీ కత్తిరించి మిషను టిక్కుకు కట్టాడు. పదానికీ పదానికీ మధ్య ఊపిరి చప్పుళ్లన్నీ ఏరేశాడు. నా బ్రష్షులు తీసి ప్యాడ్ పెట్టాడు. అట్ట మీద మార్తమ్మ ఫొటో వేశాడు. ఇంత శ్రద్ధగా పాడుచేసిన పని నేను మరొకటి చూడలేదు. అయినా ఆ కుర్రాణ్ణి తిట్టలేను. బాగుచెయ్యడమంటే శుభ్రం చెయ్యడమని అతనికి నేర్పింది మా తరం వాళ్లే.

మార్తమ్మ ఇంటికొచ్చిందని తెలిసి, సీడీ తీసుకుని నేను, సూరిబాబు కొండకర్ల వెళ్లాం. ఇంటిముందు ఆడవాళ్లు గుమిగూడి ఉన్నారు. మార్తమ్మ మెడకు తెల్లగుడ్డ కట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. సగం మనిషైపోయింది. మంచం మీద రాహేలమ్మ అటు తిరిగి పడుకుంది.

పక్కింటామె చెప్పింది. "నిన్నటించి మెతుకు ముట్టనేదండి. మార్త పెడితే తోసేత్తంది. నీ కోడలే, గొంతు తీసీసేరు అంటే నమ్మదు. సెయ్యి తడిమి సూసి, ఇది మా కోడలి సెయ్యి కాదు, ఎముకలున్నాయి, మందుల కంపు కొడతంది అంటాది."

మా అడుగుల చప్పుడు విని ముసలామె లేచి కూర్చుంది. "ఎవలు బాబూ మీరు? మీరైనా నిజం సెప్పండి. మార్త సచ్చిపోనాది గదా? నాకు తెలీకుండా ఎవల్నో తెచ్చి కూకోబెట్టేరు. ఆ మనిసి ఉలకదు, పలకదు. నాను గుడ్డిదాన్ని గానీ ఎర్రిదాన్ని కాదు."

సూరిబాబు గబగబా వెంట తెచ్చిన ప్లేయర్లో సీడీ పెట్టాడు. పాట మొదలైంది. రాహేలమ్మ చివరిదాకా కదలకుండా వింది. మార్తమ్మ గోడ దగ్గర నుంచి ఆమె ముఖమే చూస్తోంది.

"బాగా పాడింది," అంది ముసలామె. "ఎవలీ గుంట, ఏ ఊరి పిల్ల?"

"మార్తమ్మేనమ్మా," అన్నాను.

"కాదు బాబూ. మార్త ఊపిరి తీసుకుంటాది. ఈ గుంట ఎక్కడా తీసుకోనేదు."

మార్తమ్మ లేచి లోపలికి వెళ్లిపోయింది. ఆమె ఏడుపుకు చప్పుడు లేదు. సూరిబాబు సీడీ ఆపాడు.

అక్కడి నుంచి నేరుగా స్టూడియోకు వెళ్లాం. అసలు పాడినది పెట్టమని శేఖర్‌ను అడిగాను. అతను కంప్యూటరు వైపు తిరిగాడు.

"నేదు అంకుల్. కంప్యూటర్లో జాగా సాలక తీసీసేను. ఫైనల్ అయిపోయింది గదా అని."

ఆ గొంతు మళ్లీ పలకదు. మళ్లీ రికార్డు చేద్దామనడానికి లేదు. అప్పుడు శేఖర్ మెల్లగా అన్నాడు. "మీ మైకులో పడ్డ డ్రమ్ము ట్రాకు మాత్రం విడిగా ఉంది. బ్రష్షు దెబ్బలు ఏరే పాటలకి వాడుకుందామని దాచేను."

"పెట్టు," అన్నాను.

పెట్టాడు. ముందు నా బ్రష్షులు. గదంతా ఊడుస్తున్నంత చప్పుడు. దాని వెనకాల, దూరంగా, మార్తమ్మ. బొంగురుతో, సాగదీతతో, లైనుకూ లైనుకూ మధ్య రొప్పుతో మార్తమ్మ. శేఖర్ అలవాటుకొద్దీ నా చప్పుడు తగ్గించబోయాడు. చెయ్యి పట్టుకున్నాను.

"ముట్టుకోకు. ఉన్నదున్నట్టు ఎక్కించి ఇయ్యి."

కుర్రాళ్లూ, నేను చెప్పేది మిషన్లు వాడొద్దని కాదు. మీరు వాడతారు, వాడండి. పాడే మనిషిని వినేవాళ్లు ఎక్కడ గుర్తుపడతారో మనకు తెలియదు. శ్రుతిలోనో, స్వరంలోనో అనుకుంటాం. దగ్గులో గుర్తుపట్టొచ్చు. అందుకని తుడిచేముందు ఒకసారి ఆగి, ఇది ఎవరి కోసమని అడగండి.

మళ్లీ కొండకర్ల

మర్నాడు పొద్దున మేము వెళ్లేసరికి మార్తమ్మ అన్నం గిన్నె పట్టుకుని మంచం పక్కన నిలబడి ఉంది. రాహేలమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది. పెదవులు ఎండిపోయాయి. పట్టుమీదున్న ముసలి ప్రాణం ఇంకెన్నాళ్లు ఆగుతుందోనని నాకు భయమేసింది. శేఖర్ కూడా మాతో వచ్చాడు. గుమ్మం దాటి లోపలికి రాలేకపోయాడు.

సూరిబాబు కొత్త సీడీ పెట్టాడు. బ్రష్షుల చప్పుడు వినపడగానే ముసలామె చిరాగ్గా మొహం తిప్పుకుంది. పాట మొదలైంది. ఆమె వేలు మంచం పట్టె మీద ఆగింది. పాట అయింది. పెద్ద దగ్గు తెర వచ్చింది. తర్వాత గ్లాసు చప్పుడు, ఆ తర్వాత మార్తమ్మ మాట. ఆ రోజు ఆమె అలా అన్నట్టు నాకే గుర్తులేదు.

"కాత్త ఆగన్నయ్యా, నీల్లు తాగుతాను. పొద్దున అత్తకి అన్నం పెట్టీసి వచ్చేను. తిన్నదో, నేదో. నాను పక్కన కూకోకపోతే సగం వొదిలేత్తాది."

రాహేలమ్మ ఆ గొంతు వచ్చిన వైపు మొత్తం తిరిగింది.

"తిననేదే మార్తా," అంది. "నువ్వు కూకోకుండా ఎలగ తింతాను?"

సీడీలో తర్వాతి పాట మొదలైంది. మార్తమ్మ మంచం మీద ఆమె పక్కన కూర్చుంది. ముద్ద కలిపి పెదవులకు ఆనించింది. ముసలామె నోరు తెరిచింది. నములుతూనే చెయ్యి చాచి, కోడలి మణికట్టు దొరకబుచ్చుకుని, మోచేతిదాకా తడిమింది.

"ఇంతలా సిక్కిపోనావేటే," అంది.